కొత్త హార్మోనియంలో గాంధారం తంబూరాతో కలవడం లేదు, పెట్టె వెనక్కి ఇచ్చేయాలా?

మీరు అడిగింది ఇదీ. మీ ఊరి భజన సమాజానికి కొత్త హార్మోనియం కొన్నారు. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి చూస్తే ప్రతి కీకీ ముల్లు సరిగ్గా మధ్యలోనే నిలబడుతోంది. ఎలక్ట్రానిక్ తంబూరా వేసి వాయిస్తే మాత్రం గాంధారం, అంటే సరిగమల్లో గ దగ్గర శబ్దం వణుకుతోంది. ఊళ్లో వీణ నేర్పే టీచరుగారు అది అపశ్రుతి అంటున్నారు, అమ్మినవాళ్లు పెట్టెలో ఏ లోపమూ లేదంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా నిజమేనండి. నేను కోనసీమలో భజనలకీ పద్యనాటకాలకీ హార్మోనియం వాయిస్తాను, రీడ్లు (పెట్టెలో పలికే ఇత్తడి నాలుకలు) గీకి శ్రుతి చేస్తాను, ఇంట్లో వీణ కూడా సాధన చేస్తాను. ఈ పంచాయితీ నా ముందుకి చాలాసార్లు వచ్చింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఒక పరీక్ష చేయండి. తంబూరా ఆపేసి, గాంధారం కీ ఒక్కటే నొక్కి, తిత్తిని ఒకే ఒత్తిడితో నెమ్మదిగా ఆడించండి. ఆ ఒక్క కీలోనే వణుకు వినిపిస్తే లోపం ఉన్నట్టే. డబుల్ రీడు పెట్టెల్లో ఒక కీకి రెండు రీడ్లు పలుకుతాయి. ఆ రెండూ ఒకదానితో ఒకటి కలవకపోతే ఒంటరి స్వరం కూడా కొట్టుకుంటుంది. అలా ఉంటే అమ్మినవాళ్ల చేతే సరిచేయించుకోండి, మొహమాటపడకండి. కీ ఒంటరిగా నిలకడగా ఉండి, తంబూరా వేశాకే వణికితే మాత్రం పెట్టె తప్పు కాదు. దాన్ని శ్రుతి చేసిన పద్ధతే అంత.

తంబూరాలో షడ్జం (స) తీగ మీటితే షడ్జం ఒక్కటే పలకదు. దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు, ఐదు రెట్ల కంపనాలు కూడా అదే తీగలో పుడతాయి. మూడో రెట్టు పంచమం (ప), ఐదో రెట్టు అంతర గాంధారం, అంటే గాంధారాల్లో పైది. తీగలు ఆనే గుర్రం మీద, తీగ కింద పెట్టే జీవాళి దారం సరైన చోట కుదిరితే ఆ గాంధారం ఎవరూ వాయించకుండానే స్పష్టంగా వినిపిస్తుంది. స్వయంభూ స్వరం అనేది దీన్నే. అంటే మీరు గాంధారం వాయించేసరికే తంబూరాలో ఒక గాంధారం మోగుతూ ఉంటుంది. మీ పెట్టె దానితో కలవాలి.

తేడా ఎంతో చూద్దాం. ఒక స్థాయిని, అంటే షడ్జం నుంచి పై షడ్జం దాకా ఉన్న దూరాన్ని, 1200 సమభాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు. ఈ కొలతని 1885 ప్రాంతంలో అలెగ్జాండర్ ఎల్లిస్ అనే ఇంగ్లండ్ పండితుడు వాడుకలోకి తెచ్చాడు. తంబూరాలో పుట్టే గాంధారం షడ్జానికి 5:4 నిష్పత్తిలో, 386 సెంట్ల ఎత్తున ఉంటుంది. హార్మోనియంలో స్థాయిని 12 సమభాగాలు చేస్తారు కాబట్టి దాని గాంధారం 400 దగ్గర ఉంటుంది. 14 సెంట్లు ఎక్కువ. ఒకటి శ్రుతిలో, అంటే షడ్జం 261.6 హెర్ట్జ్ దగ్గర, తంబూరా గాంధారం 1308 దగ్గర పలుకుతుంది, మీ రీడులో అక్కడికి చేరే పై కంపనం సుమారు 1318.5 దగ్గర ఉంటుంది. ఆ రెంటి మధ్య తేడా పది. సెకనుకి అన్ని వణుకులు వినిపిస్తున్నాయన్నమాట. అదే పంచమం దగ్గర సెకనుకి ఒకటి కూడా నిండదు, అందుకే పంచమం మీద ఎవరూ ఫిర్యాదు చేయరు. యాప్ కొలిచేది ఆ 12 సమభాగాలనే, టీచరుగారి చెవి కొలిచేది తంబూరాని.

మరి పెట్టెని అలా ఎందుకు చేశారంటే, లెక్కే అలా మొండికేసింది. షడ్జం నుంచి పంచమానికి, ఆ పంచమాన్ని షడ్జం అనుకుని దాని పంచమానికి, ఇలా పన్నెండుసార్లు శుద్ధంగా వెళ్తే ఏడు స్థాయిల పైన మళ్లీ షడ్జానికి రావాలి. కానీ దాదాపు 23.5 సెంట్లు దాటిపోతాం. పన్నెండు మంది అన్నదమ్ములకి పొలం కొలుస్తూ వెళ్తే చివరి గట్టు మూరెడు అవతలికి పడినట్టు. ఆ మూరెడూ ఒక్కరి వాటాలోంచే తీసేయొచ్చు, లేదా అందరి దగ్గరా కాస్త కాస్త కోయొచ్చు. ఎవరికీ తగ్గకుండా పంచడం మాత్రం కుదరదు. సమభాగాల పద్ధతిలో అందరి దగ్గరా సమానంగా కోస్తారు. అప్పుడు పంచమానికి తగ్గేది రెండు సెంట్లే గానీ, గాంధారం మాత్రం 14 ఎక్కువై కూర్చుంటుంది.

ఐరోపావాళ్లు రెండు దారులూ తొక్కారు. 16వ శతాబ్దంలో వాళ్ల కీబోర్డుల్లో గాంధారాన్ని శుద్ధంగా ఉంచి పంచమాలని కాస్త తగ్గించేవారు. 1523లో ఇటలీ సంగీతశాస్త్రి పియెత్రో ఆరన్ రాసిన పద్ధతి ఆ దారిదే. అలా చేస్తే ఒక పంచమం భరించలేనంత చెడిపోతుంది, దాన్ని తోడేలు అనేవారు. ఆ తోడేలున్న వైపు వెళ్లకుండా వాయించుకునేవారు. తర్వాత సంగీతం అన్ని శ్రుతుల్లోనూ తిరగడం మొదలయ్యాక అది కుదరలేదు. 1691లో వెర్క్‌మైస్టర్ లాంటివాళ్లు మధ్యేమార్గాలు చూపించారు. 1722లో జర్మన్ స్వరకర్త బాఖ్ 24 శ్రుతుల్లోనూ (పన్నెండు స్వరాలకీ మేజర్, మైనర్ అని రెండేసి చొప్పున) కీబోర్డు రచనలు చేసింది కూడా అటువంటి సర్దుబాటు నమ్ముకునే. ఆయన వాడింది ఇప్పటి సమభాగాల పద్ధతేనని చాలామంది అనుకుంటారు గానీ దానికి రుజువు లేదు. సమభాగాల లెక్కని కచ్చితంగా వేసింది చైనాలో జు జైయు అనే రాకుమారుడు, 1584లో. పియానోలన్నీ ఆ దారికి వచ్చింది 19వ శతాబ్దంలో. పారిస్‌లో దెబాన్ హార్మోనియానికి పేటెంట్ తీసుకున్నది కూడా ఆ రోజుల్లోనే, 1842లో. దాన్ని నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఆడించేలా కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ మార్చాడు. అలా మన దగ్గరికి పెట్టె వచ్చేటప్పుడే ఆ కొలతని వెంట తెచ్చుకుంది.

మనవాళ్లు దీన్ని చూస్తూ ఊరుకోలేదు. ఎర్నెస్ట్ క్లెమెంట్స్ అనే ఐసీఎస్ అధికారి, మహారాష్ట్రకి చెందిన దేవల్ కలిసి 1910ల్లో స్థాయికి 12 బదులు 22 స్వరస్థానాలుండే 22 శ్రుతుల హార్మోనియం చేయించారు. అది జనంలోకి వెళ్లలేదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్నే నిషేధించింది, 1971 దాకా అది సడలలేదు. ఆ నిషేధంలో న్యాయం కొంతే ఉందని నా అభిప్రాయం. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, దానిలో రాదన్న మాట నిజం. గాంధారం ఎక్కువన్నదీ నిజం. కానీ ఆ కారణాలతో ఒక వాద్యాన్ని ముప్పై ఏళ్లు బయట కూర్చోబెట్టడం, దాన్ని నమ్ముకున్న నాటకాల హార్మోనిస్టుల విద్యని తక్కువ చేయడమే.

ఎందుకంటే సర్దుబాటు లేని వాద్యం మన వీణ కూడా కాదు. ఈ మాటకి మీ టీచరుగారికి కోపం రావచ్చు, అయినా వీణ దగ్గరే చూపిస్తాను. వాయించే ముఖ్యమైన తీగ సారణి, అది షడ్జం. పక్క తీగ మంద్ర (కింది స్థాయి) పంచమం. రెండో మెట్టు మీద సారణిని నొక్కితే చతుశ్రుతి రిషభం (పై రి), 204 సెంట్లు. అదే మెట్టు మీద పంచమం తీగని నొక్కితే ధైవతం (ధ) రావాలి, కానీ అది 906 దగ్గర పలుకుతుంది. తంబూరాతో హాయిగా కలిసే ధైవతం 884. మెట్టు ఒక్కటే, కావలసిన చోట్లు రెండు. మధ్య తేడా 22 సెంట్లు. మేళం కట్టే (మెట్లు అమర్చే) ఆయన మైనం మీద ఆ మెట్టుని వేడి చేసి జరుపుతూ, రెండు తీగలూ మార్చి మార్చి మీటి వింటూ ఒక చోట రాజీ పడతాడు. మిగిలినది వాయించేవాళ్ల ఎడమచేతి పని. మెట్టు కాస్త తగ్గి ఉంటే తీగ లాగి పైకి తేవచ్చు, ఎక్కువై ఉంటే దించే దారి లేదు. అందుకే అనుమానం వచ్చిన చోట మెట్టుని కిందికే ఉంచమని నేను అడుగుతాను.

ఈ తలనొప్పి పాతదే. 1550లో విజయనగరంలో రామామాత్యుడు స్వరమేళకళానిధి రాస్తూ మెట్లు ఎక్కడ పెడితే తీగలన్నీ ఒకదానితో ఒకటి ఒప్పుకుంటాయో చర్చించాడు. స్వయంభూ స్వరాలనే ఆధారంగా తీసుకున్నాడు. 1609లో రాగవిబోధం రాసిన సోమనాథుడిని మన రాజమహేంద్రవరం వాడనే చెబుతారు, ఆయన కూడా వీణ మెట్ల గురించే పేజీలు పేజీలు రాశాడు. ఇప్పటి 24 స్థిరమైన మెట్ల వీణ తంజావూరులో రఘునాథ నాయకుడి కాలంలో కుదురుకుందంటారు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారి వీణ, కాకినాడలో పుట్టిన చిట్టిబాబుగారి వీణ వినండి. మెట్టు ఇచ్చిన స్వరం దగ్గర వాళ్లు ఆగరు, లాగి కావలసిన చోటికి తీసుకెళ్తారు. హార్మోనియం వాయించేవాడికి ఆ అవకాశం లేదు, తేడా అంతా అక్కడే.

ఇక మీ పెట్టెని శుద్ధ గాంధారానికి మార్పించాలా వద్దా అన్నది మీ భజనలో ఎవరెవరు పాడతారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. పద్యనాటకంలో కృష్ణుడి వేషం ఐదు శ్రుతిలో అందుకుంటే అర్జునుడు నాలుగున్నరలో పాడతాడు. ఒకే రాత్రి, ఒకే పెట్టె. అక్కడ సమభాగాల పద్ధతి తప్ప వేరే దారి లేదు. ఒకటి శ్రుతికి శుద్ధంగా గీకించిన పెట్టె మీద రెండు శ్రుతి గాయకుడు పాడాలంటే అతని పంచమం 702 ఉండాల్సింది 680 దగ్గర పలుకుతుంది. గాంధారం కోసం వెళ్లి పంచమం పోగొట్టుకున్నట్టవుతుంది. స్కేల్ ఛేంజర్ ఉన్నా ఇదే గతి, కీబోర్డు జరుగుతుంది గానీ రీడ్లు జరగవు. నరసాపురం, కాకినాడ వైపు చర్చిల్లో నాలుగు గొంతుల కీర్తనలకి వాయించే కీబోర్డులకీ సమభాగాలే సరి.

కానీ చాలా భజన సమాజాల్లో పాడించేది ఒకరే, శ్రుతి ఎప్పుడూ ఒకటే. కోటిపల్లి వైపు ఒక సమాజంలో పెద్దాయన ధనుర్మాసమంతా రెండున్నర శ్రుతి దాటరు. వాళ్ల పెట్టెకి ఆ శ్రుతి ప్రకారం అంతర గాంధారం 14 సెంట్లు, చతుశ్రుతి ధైవతం (పై ధ) 16, కాకలి నిషాదం (పై ని) 12 సెంట్లు దించాను. మధ్యమం, పంచమం ముట్టుకోలేదు, అక్కడ తేడా రెండే సెంట్లు. ఆ తర్వాత మోహన రాగంలో నామం ఎత్తుకుంటే వెనక కూర్చున్నవాళ్ల గొంతులు కూడా ఒక్కటైపోయాయి. సంగీతం నేర్చుకోని ఆడవాళ్లు సైతం "ఇవాళ పెట్టె బాగా పలుకుతోంది" అన్నారు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం చెప్పలేను.

ఒక జాగ్రత్త. రీడు నాలుక కొస దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. ఎటు గీకినా పోయిన ఇత్తడి తిరిగి రాదు. నాలుగుసార్లు మనసు మార్చుకుంటే రీడు పల్చబడి గొంతు కీచుగా మారుతుంది. కాబట్టి ముందు ఒక నెల మామూలుగా వాడి, ఏ శ్రుతిలో ఎక్కువ పాడుతున్నారో చూసుకుని అప్పుడే మార్పించండి. ఇద్దరు గాయకులుండి శ్రుతులు వేరైతే అస్సలు మార్పించొద్దు. దానికి బదులు తంబూరా వాల్యూమ్ తగ్గించండి, గాంధారం మీద ఎక్కువసేపు నిలబడకుండా వాయించండి. నేను నాటకాల్లో చేసేది అదే.

మన వాతావరణం సంగతి కూడా చూసుకోవాలి. సముద్రపు గాలికి ఇత్తడి రీడు చిలుం పట్టి శ్రుతి కదులుతుంది, వానల్లో చెక్క ఉబ్బి కీలు బిగుసుకుంటాయి. పెట్టెని గోడకి ఆనించి నేల మీద పెట్టకండి, బల్ల మీద ఉంచి గుడ్డ కప్పండి. టీచరుగారి వీణకి రోహిణి కార్తెలో మైనం మెత్తబడి మెట్లు దిగుతాయి. అందుకని మే నెలాఖరులో వీణనీ పెట్టెనీ పక్కపక్కన పెట్టి ఏది తప్పో తేల్చాలని చూడకండి.

భజనలో పిల్లలు కూడా పాడుతున్నారని రాశారు. ఇది మాత్రం గట్టిగా చెబుతాను. వాళ్లకి స్వరాలు నేర్పేటప్పుడు హార్మోనియం, కీబోర్డు రెండూ పక్కన పెట్టండి. తంబూరా ఒక్కటే వేసి గాంధారం పాడించండి, గొంతు తనంతట తాను తంబూరాలో కలిసే చోటు దొరికేదాకా ఆపకండి. గొంతు పక్కనున్న వాద్యాన్ని అనుసరిస్తుంది. రోజూ 400 సెంట్ల గాంధారంతో పాడిన పిల్లలకి అదే గాంధారమై కూర్చుంటుంది, తర్వాత దించడం చాలా కష్టం. తంబూరాతో స్థిరపడ్డాక పెట్టెతో ఎంత పాడినా పరవాలేదు.

పెట్టె వెనక్కి ఇవ్వకండి. ఒక్క కీ పరీక్షలో నిలబడితే అది మంచి పెట్టే. శ్రుతి చేయించడానికి తీసుకెళ్లినప్పుడు పాడే ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. రీడు గీకే ముందు ఆయన చేత తంబూరాతో గాంధారం, ధైవతం, నిషాదం పాడించి, వాటి పక్కనే కీ నొక్కి వినిపించండి.