సముద్రపు స్పాంజ్ మందుతో మా అమ్మ కాలి పుండు మానుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి షుగర్ ఉంది, కాలి పుండు రెండు నెలలైనా మానట్లేదు, కల్చర్ (పుండులో ఏ బ్యాక్టీరియా ఉందో చూసే టెస్ట్) చేయిస్తే ఎంఆర్‌ఎస్‌ఏ, అంటే చాలా యాంటీబయాటిక్స్‌కి లొంగని బ్యాక్టీరియా అని వచ్చింది. సముద్రపు స్పాంజ్ మందు మొండి బ్యాక్టీరియాని చంపేస్తుందని వీడియోలో చూశాం, ఆన్‌లైన్లో క్యాప్సూల్స్ కూడా ఉన్నాయి. వాడొచ్చా?

జవాబు: వద్దండి, అవి కొనకండి. స్పాంజ్ నుంచి తీసిన యాంటీబయాటిక్ ఒక్కటి కూడా ఇంకా మనుషులకి వాడటానికి అనుమతి పొందలేదు. అలాగని వీడియోలో చెప్పిందంతా అబద్ధమూ కాదు. స్పాంజ్ అంటే గిన్నెలు తోమేది కాదు, సముద్రం అడుగున రాళ్ళకి అతుక్కుని బతికే జంతువు, పారిపోలేదు, కరవలేదు, నీళ్ళు వడకట్టుకుని తింటుంది కాబట్టి ఒంట్లోకి సూక్ష్మజీవులు వస్తూనే ఉంటాయి, దానికున్న రక్షణంతా అందులో తయారయ్యే రసాయనాలే. 1950ల మొదట్లో వెర్నర్ బెర్గ్‌మన్ అనే శాస్త్రవేత్త ఒక కరేబియన్ స్పాంజ్‌లో కనిపెట్టిన పదార్థాల ఆధారంగానే సైటరబిన్ అనే మందు వచ్చింది, బ్లడ్ క్యాన్సర్‌కి మేం ఇప్పటికీ వాడతాం. 2016లో అంటార్కిటికా స్పాంజ్ నుంచి తీసిన డార్వినోలైడ్ అనే పదార్థం, బయోఫిల్మ్ అనే జిగురు పొరలో దాక్కున్న ఎంఆర్‌ఎస్‌ఏని చంపిందని తేలింది, కానీ అది ల్యాబ్‌లో. మనిషి ఒంట్లో ఎంత డోసు సరిపోతుంది, కిడ్నీ లివర్ తట్టుకుంటాయా అన్నవి తేలకుండా అది మందు అవ్వదు.

ఈ బయోఫిల్మ్ సంగతి మాత్రం మీకు ఇప్పుడే అవసరం. బ్యాక్టీరియా గుంపుగా చేరి జిగురు లాంటి పొర కప్పుకుంటాయి, దాని కింద ఉన్నవాటికి యాంటీబయాటిక్ సరిగ్గా పనిచేయదు, మానని షుగర్ పుండ్లలో ఇది చాలా మామూలు. ఆ పొరని తీసే దారి ఇవాళ కూడా ఉంది, సర్జన్ చేత చచ్చిన కండ తీయించి పుండు శుభ్రం చేయించడం, దాన్నే డిబ్రైడ్‌మెంట్ అంటాం. ఒకసారితో సరిపోకపోవచ్చు, అమ్మగారు భయపడితే పక్కనే కూర్చోండి.

ఎంఆర్‌ఎస్‌ఏ అనగానే ఇక మందే లేదని అనుకోకండి, వాంకోమైసిన్, లినెజోలిడ్ లాంటివి ఎక్కువ శాతం కేసుల్లో పనిచేస్తాయి, కల్చర్ రిపోర్ట్‌లో ఏ మందు ఎదురుగా ఎస్ (అంటే ఆ మందు పనిచేస్తుంది) అని ఉందో చూసి మీ డాక్టరే రాస్తారు. ఎముకకి పాకిందేమో ఎక్స్‌రే, కాలికి రక్తం సరిగ్గా వెళ్తోందా అన్న టెస్ట్ కూడా అడిగి చేయించండి, షుగర్ కంట్రోల్‌లో ఉంచి ఆ కాలి మీద బరువు పడకుండా చూడండి. జ్వరం వచ్చినా, ఎరుపు పైకి పాకినా, వేలు నల్లబడినా ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్ళాలి. ఆ క్యాప్సూల్స్ ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపేసి, డబ్బా తీసుకెళ్ళి మీ డాక్టర్‌కి చూపించండి, దాచొద్దు, ఎవరూ తిట్టరు.