విండోస్ 11 తీసేసి విండోస్ 10 వేస్తే పాత ఫైళ్లు ఉంటాయా?

ప్రశ్న: విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్‌లో, డేటా పోకుండా విండోస్ 10 వేసుకోవడం ఎలా?

ఫొటోలు, డాక్యుమెంట్లు, వీడియోలు అన్నీ నిలుపుకోవచ్చు. కింద చెప్పే 'గో బ్యాక్' కుదరకపోతే, ఇన్‌స్టాల్ చేసుకున్న సాఫ్ట్‌వేర్లు మాత్రం మళ్లీ వేసుకోవాల్సిందే, వాటికి వేరే దారి లేదు.

మీ ల్యాప్‌టాప్ విండోస్ 10తో వచ్చి, ఈమధ్యే 11కి అప్‌గ్రేడ్ అయ్యుంటే ముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ తెరిచి చూడండి. అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల దాకా అక్కడ 'గో బ్యాక్' బటన్ పనిచేస్తుంది. అది నొక్కితే ఫైళ్లు, పాత సాఫ్ట్‌వేర్లు రెండూ ఉంటాయి. గడువు దాటినా, మధ్యలో డిస్క్ క్లీనప్‌తో పాత విండోస్‌ను తుడిచేసినా, ల్యాప్‌టాప్ కొన్నప్పుడే 11 ఉన్నా ఈ దారి మూసుకుపోయినట్టే.

చాలామంది తర్వాత చేసే పని, 11 నడుస్తుండగానే విండోస్ 10 సెటప్ ఫైల్‌ను నొక్కడం. అక్కడ 'ఫైళ్లు ఉంచు' అనే ఎంపిక దొరకదు, 'ఏమీ వద్దు' ఒక్కటే మిగులుతుంది. పాత వెర్షన్ రిజిస్ట్రీని (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు), యూజర్ సెట్టింగులను కొత్తదానికి తీసుకెళ్లేలా సెటప్ తయారైంది. వెనక్కి తీసుకురావడం దానికి తెలియదు. అందుకే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి వేయాలి.

అంతకంటే ముందు చూడాల్సింది బిట్‌లాకర్, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేకుండా డిస్క్‌కు విండోస్ వేసే తాళం (ఎన్‌క్రిప్షన్). మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన చాలా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయి ఉంటుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' కింద 'డివైస్ ఎన్‌క్రిప్షన్' ఉంటుంది. దాన్ని ఆఫ్ చేసి, డీక్రిప్షన్ (ఆ తాళం తీయడం) పూర్తయ్యేదాకా ఆగండి. పెద్ద డిస్క్ అయితే చాలాసేపు పడుతుంది. ఈలోగా 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఎన్‌క్రిప్షన్ తీయకుండా వెళితే విండోస్ ఉన్న పార్టిషన్‌ను (డిస్క్‌లో ఆ ముక్కను) ఫార్మాట్ చేయకుండా సెటప్ ముందుకు కదలదు. డేటా ఎక్కువగా పోయేది సరిగ్గా అక్కడే.

తర్వాత మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్ అయిన వన్‌డ్రైవ్. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను అది చెప్పీ చెప్పనట్టు తన కిందికి లాక్కుంటుంది. ఫైల్ పక్కన మేఘం గుర్తు ఉంటే ఆ ఫైల్ మీ డిస్క్‌లో లేదు, పేరు మాత్రమే ఉంది. దాని మీద రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' ఎంచుకుని, డౌన్‌లోడ్ అయ్యాక కాపీ చేసుకోండి. వాడేవాళ్ల ఫైళ్లు ఎక్కడున్నాయో వాళ్లకే తెలియకుండా చేయడం నాకు ఎప్పటికీ నచ్చదు.

బ్రౌజర్ పాస్‌వర్డ్‌లకు ప్రొఫైల్ ఫోల్డర్ కాపీ చేస్తే సరిపోదు. వాటి తాళం పాత విండోస్ యూజర్ ఖాతాతో ముడిపడి ఉంటుంది, కొత్త విండోస్‌లో తెరుచుకోవు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లోంచి ఎక్స్‌పోర్ట్ చేసి, కొత్తదాంట్లోకి ఎక్కించాక ఆ ఫైల్‌ను తుడిచేయండి.

ఇక బ్యాకప్. 'డీ డ్రైవ్‌లో పెట్టుకోండి, సీ ఫార్మాట్ కొట్టండి, ఏమీ కాదు' అనే సలహా వీడియోల్లో తెగ తిరుగుతుంది. డీ కూడా అదే డిస్క్ ముక్క. ఆ డిస్క్‌లో పొరపాటు జరిగితే రెండూ పోతాయి. బయటి హార్డ్ డిస్క్‌కు కాపీ చేసి, నాలుగైదు ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూసి, దాన్ని పీకి పక్కన పెట్టాకే సెటప్ మొదలెట్టండి. డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో రెండో డిస్క్ ఉంటే దాని కేబుల్ కూడా పీకేయండి.

విండోస్ 10 సెటప్ ఎక్కించడానికి పెన్‌డ్రైవ్ 8 జీబీది చాలు. బూట్ పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేస్తే పార్టిషన్ స్కీమ్ జీపీటీ (డిస్క్‌ను విభజించే కొత్త పద్ధతి), టార్గెట్ యూఈఎఫ్ఐ (కంప్యూటర్ బూట్ అయ్యే కొత్త పద్ధతి) పెట్టండి. కంప్యూటర్ ఆన్ కాగానే ఏ డ్రైవ్ నుంచి మొదలవ్వాలో అడిగే బూట్ మెనూలో కూడా యూఈఎఫ్ఐ అని ఉన్న పేరునే ఎంచుకోండి. లేకపోతే 'ఈ డిస్క్ జీపీటీ పద్ధతిలో ఉంది, ఇక్కడ విండోస్ వేయడం కుదరదు' అని సెటప్ మొండికేస్తుంది. దానికి మందుగా పార్టిషన్లన్నీ డిలీట్ చేయమని చెప్పేవాళ్లున్నారు. డిస్క్‌లో ఏ లోపమూ లేదు, పెన్‌డ్రైవ్ తప్పు మోడ్‌లో బూట్ అయింది. రీస్టార్ట్ చేసి సరైన పేరు ఎంచుకుంటే పోతుంది.

'కస్టమ్' నొక్కాక వచ్చే పార్టిషన్ల తెర దగ్గర ఆగండి. అక్కడ సీ, డీ అనే అక్షరాలు ఉండవు. డ్రైవ్ 0 పార్టిషన్ 1, 2, 3 అని వరుస ఉంటుంది. 100 ఎంబీ దగ్గర ఉన్నది బూట్ ఫైళ్లది, 16 ఎంబీది రిజర్వ్‌డ్, కొన్ని వందల ఎంబీలది రికవరీ. వీటి జోలికి పోవద్దు. మిగిలిన పెద్దవాటిలో విండోస్ ఏదో సైజు చూసి ఊహించకుండా ఉండాలంటే, ముందురోజే ఎక్స్‌ప్లోరర్‌లో సీకి 'పాతవిండోస్', డీకి 'డేటా' లాంటి పేర్లు పెట్టండి. అక్షరాలు కనిపించకపోయినా ఆ పేర్లు కనిపిస్తాయి.

విండోస్ ఉన్న పార్టిషన్ ఎంచుకోండి. ఫార్మాట్, డిలీట్ రెండూ ముట్టుకోకుండా నేరుగా 'నెక్స్ట్' నొక్కండి. పాత ఫైళ్లను విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి జరుపుతానని ఒక సందేశం వస్తుంది. ఆ సందేశం వస్తేనే మీరు సరైన చోట ఉన్నట్టు. రాకపోతే వెనక్కి వెళ్లండి. ఇందుకు ఆ పార్టిషన్‌లో ఖాళీ ఉండాలి, 40 జీబీ ఉంటే నిశ్చింత.

ఆ తెర మీద డిస్కే కనిపించకపోతే కంగారు పడవద్దు. 11వ తరం, ఆ తర్వాతి ఇంటెల్ ప్రాసెసర్ల ల్యాప్‌టాప్‌లలో వీఎండీ (డిస్క్‌లను నడిపే ఇంటెల్ ఏర్పాటు) ఆన్‌లో ఉంటే విండోస్ 10 సెటప్‌కు డిస్క్ కనిపించకపోవచ్చు. తయారీదారు సైట్‌లో దొరికే ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్‌ను విప్పి పెన్‌డ్రైవ్‌లో వేసి, 'లోడ్ డ్రైవర్' నొక్కి చూపించండి. బయోస్‌లో వీఎండీ ఆఫ్ చేసినా కనిపిస్తుంది కానీ, మనసు మార్చుకుని పాత విండోస్‌కు వెళదామంటే అది బూట్ కాకపోవచ్చు. వైఫై డ్రైవర్ కూడా ముందే దింపుకోండి. నెట్ లేకుండా నెట్ డ్రైవర్ దొరకదు.

విండోస్ 7 కావాలనుకునేవాళ్లకు ఇదే పద్ధతి కొత్త ల్యాప్‌టాప్‌ల మీద పనిచేయదు. దాని సెటప్‌లో ఎన్‌వీఎంఈ (కొత్త రకం ఎస్‌ఎస్‌డీ), యూఎస్‌బీ 3 డ్రైవర్లు లేవు, యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ మొదటి తెరలోనే చచ్చిపడతాయి. దాన్ని వర్చువల్ మెషీన్‌లో (ఉన్న విండోస్ లోపలే ఒక సాఫ్ట్‌వేర్ సృష్టించే ఊహా కంప్యూటర్‌లో) నడుపుకోవడమే మేలు.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఈఎస్‌యూ (గడువు తర్వాత భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పథకం)లో నమోదైతే ఇళ్లలో వాడే కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఇది తెలిసే వేసుకోండి.

కొత్త విండోస్ తెరుచుకోగానే సీలో విండోస్.ఓల్డ్, అందులో యూజర్స్, దానిలో మీ పాత పేరు. అనుమతి లేదంటే 'కంటిన్యూ' నొక్కండి. కావలసినవన్నీ అదే రోజు బయటికి కాపీ చేసుకోండి, కొన్ని రోజులకు విండోస్ ఆ ఫోల్డర్‌ను తనంతట తానే తుడిచేయవచ్చు.