ఐస్ కోర్‌లో వాన జాడ వెతకబోయే అమ్మాయికి

హైదరాబాదు

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

అంటార్కిటికా ఐస్ కోర్‌ల, అంటే మంచును లోతుగా తొలిచి తీసిన స్తంభాల, ఆధారంగా పాతకాలపు వానలను, కరువులను అంచనా కట్టే పరిశోధనలో చేరుతున్నావని మీ నాన్న చెప్పగా విని ఎంతో సంతోషించాను.

కోర్‌ను వానమాపకం అనుకోవద్దు. తూర్పు అంటార్కిటికాలోని మంచుగుట్ట లా డోమ్‌నే చూడు. అక్కడ మంచు సమృద్ధిగా కురుస్తుంది గనుక ఏ ఏటి పొర ఆ ఏటికి విడిగా తెలుస్తుంది. ఎల్ నినో, అంటే పసిఫిక్ నీళ్లు మామూలు కన్నా వేడెక్కడం, వచ్చిన ఏడాది దక్షిణ మహాసముద్రం మీద గాలుల తీరు మారి, వేసవి పొరలో సముద్రపు ఉప్పు తగ్గుతుంది. అదే ఎల్ నినో వల్ల తూర్పు ఆస్ట్రేలియాలో వానలు ముఖం చాటేస్తాయి. ఉప్పుకూ వానకూ నేరుగా సంబంధం లేదు; గాలులే రెండింటినీ కలుపుతున్నాయి. పైగా ఆ సంబంధం కొన్ని దశాబ్దాల్లో గట్టిగా, కొన్నింట్లో బలహీనంగా ఉంటుంది. అందుచేత వర్షపాత రికార్డులో ఒక భాగంతో సూత్రం కట్టి, ముట్టుకోకుండా దాచిన రెండో భాగంతో పరీక్షించనిదే వెనకటి శతాబ్దాల జోలికి వెళ్లకు.

వేసవి పొరలో ఉండే ఉప్పు అత్యల్పం. వట్టి చేత్తో తాకితే చెమటలోని సోడియమే లెక్కను తారుమారు చేస్తుంది. చేతి తొడుగులు వేసుకుని, శుభ్రమైన బ్లేడుతో పైపొరను గీసి తీసేశాకే లోపలి మంచును కరిగించు. ఈ పనిలో ఓపిక తప్ప అడ్డదారి లేదు. కాలనిర్ణయానికి 1257లో సమలాస్, 1815లో తంబోరా అగ్నిపర్వతాలు వదిలిన సల్ఫేటు గుర్తులతో పొరల లెక్కను సరిచూసుకో.

లా డోమ్ ఆధారంగా తూర్పు ఆస్ట్రేలియాలో 1174 నుంచి 1212 వరకు 39 ఏళ్ల కరువు నడిచిందని 2015లో ప్రచురించారు. ఆ కాలంలోనే ఇక్కడ కాకతీయులు చెరువులు తవ్విస్తున్నారు గనుక రెండింటికీ ముడిపెట్టాలని మనవాళ్లకు సహజంగానే అనిపిస్తుంది. నువ్వు మాత్రం ఆ ముడి వేయకు. ఆ కోర్‌ను సరిపోల్చింది ఆస్ట్రేలియా వానలతో, దక్కను వానలతో కాదు.

మన కరువుల గురించి అడగాలంటే ధ్రువాలను వదిలి టిబెట్‌లోని దాసుఓపు హిమానీనదం కోర్‌ను చూడాలి. 1790ల నాటి పొరల్లో ధూళీ, క్లోరైడూ ఒక్కసారిగా పెరిగాయి. 1791-92లో మన ప్రాంతాన్ని కూడా పీడించిన పుర్రెల కరువు ఆ కాలానిదే. ఆ కోర్ మీద వచ్చిన పరిశోధన పత్రం చదివి, రుతుపవనాలు తగ్గితే ధూళి ఎందుకు పెరుగుతుందో నీ మాటల్లో రాసి పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న