బీడింగ్ మూలలు విచ్చుకుంటే అబ్బాయికి పని రానట్టేనా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మావాడు ఇంటర్ మధ్యలో మానేసి ఏడాదిగా మేనమామ దగ్గర వడ్రంగం నేర్చుకుంటున్నాడు. మే నెలలో మా బాత్రూమ్ కిటికీకి టేకు బీడింగ్ (చుట్టూ అంచుకు వేసే చెక్కపట్టీ) వాడొక్కడే బిగించాడు. ఆగస్టుకల్లా మూలలు విచ్చుకున్నాయి, మేకుల చుట్టూ నల్లమరకలు. వీడికి పని అబ్బదేమో? ఐటీఐలో వేయమంటారా?

జవాబు: అప్పుడే తేల్చేయకండి. ముందు ఆ మూలను దగ్గరగా చూడండి. సందు మూల పొడవునా ఒకేలా ఉంటే కోత తప్పింది. గోడవైపు కొసలో తెరుచుకుని లోపలి (కిటికీవైపు) కొసలో కలిసే ఉంటే చెక్క ఉబ్బింది. లోపలి కొసలో తెరుచుకుంటే పచ్చిచెక్క బిగించాక ఎండి కుంచించుకుపోయింది. చెక్క పొడవులో దాదాపు పెరగదు, అడ్డంగానే పెరుగుతుంది. అందుకే 45 డిగ్రీల కోత ఎంత సరిగ్గా ఉన్నా చెడుతుంది. మే ఎండలకు ఎండిన పట్టీ కోనసీమ వానకూ స్నానాల ఆవిరికీ ఉబ్బడమే మీ ఇంట్లో జరిగి ఉంటుంది.

దీనికి మందు పట్టీ వెనకవైపు ఉంది. చాలామంది ముందువైపే పాలిష్ కొట్టి వదిలేస్తారు. వెనకవైపు, కోసిన కొసలకు కూడా వుడ్ ప్రైమర్ పట్టించి, ఆరాకే బిగించాలి. కొసలు నీటిని మిగతా చెక్కకంటే ఎంతో వేగంగా పీలుస్తాయి. కొత్త ప్లాస్టరింగ్ అయితే క్యూరింగ్ పూర్తయి గోడ బాగా ఆరేదాకా చెక్క జోలికి పోకూడదు. నల్లమరకలు ఇనప మేకుల పుణ్యం. తడి తగిలితే ఇనుము టేకులోని రసంతో కలిసి నల్లబడుతుంది. స్టెయిన్‌లెస్ స్క్రూలే వాడాలి. కిందివైపు పట్టీని టైలుకు ఆనించకుండా 2, 3 మిల్లీమీటర్ల సందు వదిలి సిలికాన్ నింపాలి. దాని పైభాగాన్ని గది వైపు కాస్త వాలుగా చిత్రిక పడితే నీళ్లు నిలవవు.

కొలత లెక్కా అడిగి చూడండి. 2 అడుగులు × ఒకటిన్నర అడుగుల కిటికీ చుట్టుకొలత 7 అడుగులే. కానీ 2 అంగుళాల పట్టీకి మూలల కోతల వల్ల ఎనిమిదిన్నర అడుగుల దాకా పడుతుంది, తరుగుతో 10 తేవాలి. 7 అడుగులు తెచ్చినవాడు మళ్లీ కొట్టుకు పరుగెత్తాలి.

ఐటీఐ సంగతి: ఒకప్పటి కార్పెంటర్ ట్రేడు ఇప్పుడు వుడ్ వర్క్ టెక్నీషియన్. ఏడాది కోర్సు, 8వ తరగతి పాసైతే చాలు. అన్ని ఐటీఐల్లో ఉండదు, కనుక్కుని వెళ్లండి. అక్కడ నేర్పే డ్రాయింగ్, మెషీన్ల పని మేనమామ దగ్గర దొరకవు. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్), డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపినది) బిగింపు మాత్రం పనిచోటే నేర్చుకోవాలి. బాత్రూముల్లో ఇప్పుడు అవే ఎక్కువ, వాటిని చిన్నచూపు చూడొద్దని చెప్పండి.

చేర్పించే ముందు ఒక పని చేయించండి. ఆ కిందివైపు పట్టీని వాడిచేతే విప్పించి, ఎందుకు చెడిందో మీకు చెప్పమనండి. పట్టీని తిప్పి వెనకవైపు చూశాడంటే, ఫీజు కట్టేయండి.