ఆ ఎనిమిది వేలు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. పాతబస్తీ గాజుల కార్ఖానాలో పనిచేసే బీహార్ పిల్లవాడు నిద్రలో కూడా వేళ్లు కదుపుతుంటాడని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. తర్వాత నీ హీరో వచ్చాడు. పిల్లవాడి మీద ఉందన్న అప్పు ఎనిమిది వేలు కార్ఖానా యజమాని సేఠ్ చేతిలో పెట్టి, వాడి చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. నాకు ఒళ్లు మండింది.

అది విడిపించడం కాదు తమ్ముడూ, కొనడం. ఆ డబ్బుతో ఏజెంటు మళ్లీ రైలెక్కుతాడు, ఇంకో పిల్లవాణ్ని తెస్తాడు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లోనే వచ్చింది. వెట్టికి కట్టేసిన ఆ అప్పు చట్టం ముందు అప్పే కాదు, రద్దయిపోయింది. దానికింద పైసా తీసుకున్నా సేఠ్‌కే మూడేళ్ల దాకా జైలు. నీ హీరోకి తెలియకపోతే పోనీ, రాసేవాడివి నీకు తెలియొద్దూ?

ముప్పై ఏళ్లుగా కనిపించిన ప్రతి కొత్త రచయితకీ చెబుతున్నాను. ఇలాంటి కథలో కన్నీళ్లకంటే ముందు లెక్క రాయాలి. తల్లి చేతిలో అడ్వాన్స్ ఎంత పెట్టారు, రైలు టికెట్ ఎవరి ఖాతాలో రాశారు, తిండికి ఎంత కోశారు. నీ పదకొండు పేజీల్లో ఎనిమిది వేలు తప్ప ఇంకో అంకె లేదు. అది కూడా ఎలా తేలిందో చెప్పలేదు.

ఒకసారి సిటీ బయట ఇటుక బట్టీకి వెళ్లాను. ఒడిశాలోని బలంగీర్ నుంచి వచ్చిన ఒకామెని అడ్వాన్స్ ఎంతమ్మా అని అడిగితే భర్త వైపు చూసింది. అతను మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ అటు వెళ్లాక ఆమె కొంగు ముడి విప్పింది. లోపల గులకరాళ్లు. వెయ్యి ఇటుకలకి ఒక రాయి. మేస్త్రీ పుస్తకంలో తక్కువ రాస్తాడని ఆమె పెట్టుకున్న లెక్క అది. ఆ రాళ్ల మీదే కథ రాసి ఒక పత్రికకి పంపాను. "లెక్కలు ఎవరు చదువుతారమ్మా, ఆమె మీద అఘాయిత్యం జరిగినట్టు ఒక సీను పెట్టండి" అన్నాడు సంపాదకుడు. నేను పెట్టలేదు. కానీ ఆ రాళ్ల సంగతి కత్తిరించి కథ వేస్తే ఊరుకున్నాను. ఆ సంచిక ఇప్పటికీ తెరవలేను. ఇవాళ్టి కథల పోటీలూ అంతే, జడ్జీలకి కళ్లు చెమర్చితే చాలు.

2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీలోని భవానీనగర్‌లో పోలీసులు ఇల్లిల్లూ వెతికితే, పనిలో పెట్టిన పిల్లలు రెండు వందల మందికి పైగా దొరికారు. ఎక్కువమంది బీహార్ వాళ్లే. ఆ వార్త చదివిన పూట మా చెల్లెలి పెళ్లి గుర్తొచ్చింది. లాడ్‌బజార్‌లో లక్క గాజులు గంటసేపు బేరమాడి పది రూపాయలు తగ్గించుకున్నాను. ఆ పది ఏ పిల్లవాడి కూలీలోంచి తగ్గిందో! కుంపటి మీద లక్క మెత్తబడగానే, చల్లారేలోపు గాజు మీద చిన్న రాళ్లు ఒక్కొక్కటీ అద్దాలి. వేలి కొనలు కాలతాయి. నీ వాడి వేళ్లు నిద్రలో కదిలేది అందుకే. ఆ సంగతి కథలో రాయి.

ఇంకొకటి. కథ కింద 'నిజంగా చూసినది' అని రాసి వాడి అసలు పేరు, ఊరు పెట్టావు. వెంటనే తీసెయ్. అలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం ప్రకారం నేరం. పైగా, రేపు ఏజెంటు ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే?

ఏ పత్రికకి పంపాలన్నది పక్కన పెట్టు. మళ్లీ ఆ గల్లీకి వెళ్లి ఫోన్‌లో వీడియో తీయనా అని అడిగావు. వద్దు. సేఠ్‌కి అనుమానం వస్తే రాత్రికి రాత్రే పిల్లల్ని ఇంకో చోటికి మార్చేస్తారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. సందు, గేటు రంగు, ఎన్నో అంతస్తు, ఎంతమంది పిల్లలు, తలుపు ఎప్పుడు తీస్తారు, నువ్వు చూసిందంతా చెప్పు. "వాళ్ల అమ్మానాన్నలే పంపారు" అని సేఠ్ అంటాడు, నీ కథలోనూ అన్నాడు. ఆ మాటతో నువ్వు వెనక్కి తగ్గకు.

కథకి వేరే ముగింపు కావాలంటే, వెట్టి నుంచి బయటపడ్డట్టు అధికారులు ఇవ్వాల్సిన విడుదల పత్రం వాడి చేతికి వచ్చిందో లేదో కనుక్కుని రాయి. ఫోన్ మాత్రం ఈ ఉత్తరం చదవగానే చెయ్యి. అవతలి వాళ్లు ఏమన్నారో నాకు చెప్పు.

మీ అక్క