యాస మార్చుకోవాలా, ఇలాగే ఉండిపోవాలా?

తమ్ముడూ, తెలుగు మీడియం నుంచి వచ్చా, మీటింగ్‌లో ఇంగ్లీషులో నోరు తెరిస్తే యాస విని నవ్వుతున్నారు, నన్ను నేను ఇలాగే ఒప్పుకోవాలా మారాలా అని అడిగావు కదా. రెండూ చెయ్యి, కాకపోతే వేర్వేరు వాటికి. బస్‌ని బస్సు, రోడ్‌ని రోడ్డు అనడం నీ తప్పు కాదు, మనది అజంత భాష, మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ఆగుతాయి, అందుకే ఇంగ్లీషు మాటకి కూడా మన నాలుక ఓ ఉకారం తగిలించేస్తుంది. దానికి సిగ్గుపడటం ఈరోజే మానెయ్. ఎదుటివాడికి అర్థం కాకపోతే మాత్రం అది సరిచేసుకోవాల్సిందే. నేనూ అమీర్‌పేటలో కోచింగ్‌కి డబ్బులు తగలేసి అమెరికా యాస పట్టబోయి రెంటికీ చెడ్డా (మా అమ్మ ఫోన్లో "జలుబు చేసిందా నాన్నా" అంది). తర్వాత రోజూ మీటింగ్‌కి ముందు చెప్పాల్సిన 3 వాక్యాలు ఫోన్లో రికార్డ్ చేసుకుని వినేవాణ్ణి, అప్పుడు తెలిసింది అసలు గోల యాస కాదు స్పీడు, భయానికి సగం మాటలు మింగేస్తున్నా. నువ్వూ విని చూడు. మెల్లగా మాట్లాడు, వాక్యం అయ్యాక ఆగు, మళ్ళీ చెప్పమంటే సారీ అనకుండా మళ్ళీ చెప్పు. నా బస్సు, రోడ్డు ఇప్పటికీ అలాగే ఉన్నాయ్, టీమ్ కాల్స్ మాత్రం నేనే నడుపుతున్నా.