మొదట రాసింది జవాబెలా అవుతుంది?

ప్రశ్న: ఆంగ్లకవి కీట్స్ ఉత్తరాలు కొన్ని తెలుగు చేస్తున్నాను. ‘సోదరి ఫానీకి కీట్స్ రాసిన జాబు’ అని ఒకదానికి శీర్షిక పెట్టాను. జాబు అంటే జవాబేనని మా నాన్నగారనేవారు. తనంతట తాను రాసినదాన్ని జాబనవచ్చా? ఉత్తరమంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

సమాధానం: మీ నాన్నగారి మాట నిజమే. అరబ్బీ ‘జవాబ్’ పారసీ మీదుగా మనదాకా వచ్చి ఒకచోట జవాబుగానే నిలిచింది. ఇంకోచోట నడుమనున్న ‘వ’ జారిపోయి జాబయింది. అయితే దాన్ని వదిలి ఉత్తరాన్ని పట్టుకుంటే ఒడ్డున పడతామనుకోకండి. అదీ జవాబే! ‘ఉద్’ అంటే పైకి. దానికి ‘తర’ చేరితే ఇంకా పైది, ఆపైన వచ్చేది. పట్టాభిషేకం ఆపైన కథ ఉత్తరరామచరితం, ఒంటిపైన కప్పుకునేది ఉత్తరీయం, ప్రశ్న వెనకాల వచ్చేది ఉత్తరం. ఆ లెక్కన ప్రత్యుత్తరమంటే జవాబుకు జవాబు. తెలుగువాడు కలం పట్టేసరికే అవతలివాళ్లు ఏదో అడిగినట్టు అనుకుంటాడు కాబోలు. ఇది శాస్త్రం కాదు, నా ముచ్చట.

ఈ ముచ్చటకు మీ కీట్సే సాక్షి. 1817 సెప్టెంబరు 10న ఆక్స్‌ఫర్డ్ నుంచి ఫానీకి రాస్తూ, ఇకనుంచి మనిద్దరం క్రమంగా ప్రశ్నలూ జవాబులూ మొదలుపెడదాం అంటాడు. అమ్మానాన్నా పోయి, సంరక్షకుడి చేతికింద పెరుగుతున్న పద్నాలుగేళ్ల పిల్ల ఆమె. నీకే పుస్తకాలిష్టమో కూడా నాకు తెలీదే అని నొచ్చుకుంటాడు. నా ఉత్తరాలు నువ్వు దాచు, నీవి నేను దాస్తాను, పోనుపోను చెరో మంచి కట్ట అవుతుంది, ముందుముందు కలిసి చదువుకుందాం అంటాడు. కలిసి చదువుకునే రోజు రాలేదు. 1821లో రోములో పోయాడు.

తమ్ముడు జార్జి 1818లో భార్యతో అమెరికా వెళ్లాక ఓడ మీద వచ్చే జవాబుకోసం కాచుకోలేక, కీట్స్ ఒకే ఉత్తరాన్ని 1819 ఫిబ్రవరి 14న ఎత్తుకుని మే 3 దాకా సాగదీశాడు. అంతకుముందు ఏడాది చివర రాసినదాంట్లో, ప్రతి ఆదివారం పదిగంటలకు నేనిక్కడ షేక్స్పియరు కాస్త చదువుతాను, అదేవేళకు మీరక్కడ చదవండి, ఒకే గదిలో ఉన్న గుడ్డివాళ్లంత దగ్గరగా ఉంటాం అన్నాడు. ఆ మాటకు జవాబు ఏ ఓడలోనూ రానక్కర్లేదు.

కాబట్టి జాబన్నా ఉత్తరమన్నా తప్పులేదు. రెండూ పుట్టుకనాటి అర్థాన్ని ఎప్పుడో దాటేశాయి. లేఖ కాస్త బిగదీసుకున్న మాట. కమ్మ తాటాకుల కాలానిది. నన్నడిగితే ఉత్తరానికే మొగ్గుతాను, కాకపోతే పట్టుబట్టను. ‘కీట్స్ జాబు’ అంటే ఈకాలం పిల్లలు ఆయనకెక్కడో ఉద్యోగం దొరికిందనుకుంటారు, అదొక్కటే నా భయం.

అసలు నాకు గుచ్చుకున్నది ఆ ‘సోదరి’. ఒకే కడుపున పుట్టినదని చెబుతుందే తప్ప పెద్దదో చిన్నదో చెప్పని మాట. సభల్లో ‘సోదరీ సోదరులారా’ అనడానికి పనికొస్తుంది. ఇంగ్లీషువాడికి వేరే మాట లేక సిస్టరన్నాడు, మనకేం కరువొచ్చింది? ఫానీ అతనికన్నా ఏడేళ్లకు పైగా చిన్నది. ముందామెను చెల్లెల్ని చేయండి, జాబో ఉత్తరమో ఆపైన చూసుకుందాం.